కిలోమీటరుకి ఇంత, గంటకి ఇంత కాదు

ఈ యేడు మన విద్యార్థి సంఘం చేసిన పనుల్లోకెల్లా ఎక్కువ నవ్వులు పుట్టించిందీ, ఎక్కువ తగవులు పెట్టిందీ బీచ్ రోడ్డు నడక. ముందు నవ్వులు వచ్చాయి, తర్వాత తగవులు వచ్చాయి. నవ్వుల సంగతి కార్యదర్శి తన నివేదికలో రాస్తాడు. ఎంత పోగయిందో కోశాధికారి తన లెక్కల్లో చూపిస్తాడు. తగవు సంగతి మాత్రం ఎవరూ రాయరేమోనన్న భయంతో నేను రాస్తున్నాను. సంపాదక వర్గం వారు కత్తెర వెయ్యరని ఆశ.

తెలియనివారి కోసం, ముఖ్యంగా ఈ సంచిక పోస్టులో అందుకునే పూర్వ విద్యార్థుల కోసం, ముందు ఆ నడక ఏమిటో చెప్పాలి. నడవదలచిన విద్యార్థి చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో పేరు, ఊరు, కిలోమీటరుకి ఎంత, సంతకం అని నాలుగు గడులుంటాయి. ఆ కాగితం పట్టుకుని చుట్టాలనీ, స్నేహితులనీ, కిరాణా కొట్టు షావుకారునీ అడగాలి: "అయ్యా, ఫలానా ఆదివారం నేను పన్నెండు కిలోమీటర్లు నడుస్తాను, కిలోమీటరుకి మీరెంత ఇస్తారు?" అయిదనేవారు అయిదు రాస్తారు, పదనేవారు పది రాస్తారు. ఎంత దూరం నడిస్తే అంతకి లెక్కగట్టి వసూలు చేసి నిధికి జమకట్టాలి. దీన్నే 'స్పాన్సర్డ్ వాక్' అంటారు. ఈ యేటి నిధి డిస్లెక్సియా ఉన్న పిల్లలకి చదువు చెప్పే ఏర్పాటు కోసం.

"నువ్వు నడిస్తే నేనెందుకివ్వాలోయ్? నేను రోజూ కొట్టుకి నడుస్తున్నాను, నువ్వేమన్నా ఇస్తున్నావా?" అన్నాడు మా వీధి షావుకారు. అడిగిన మాటలో న్యాయం లేకపోలేదు. మా హాస్టల్లో కూడా "ఇది దొరల పద్ధతి, మనకెందుకు" అన్నవాళ్ళున్నారు. నిజమే, ఇంగ్లండులో 1960ల నుంచీ ఆక్స్‌ఫామ్ లాంటి సంస్థలు ఈ పద్ధతిని బాగా వాడాయి. కానీ పదిమంది కోసం కాళ్ళరిగేలా తిరిగి అడగడం మనకి కొత్తా? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తానన్నది కాలినడకన వచ్చిన వినోబా భావే ఎదుటనే. భూదానోద్యమం అక్కడ పుట్టింది. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తినప్పుడు రామారావు, నాగేశ్వరరావు గార్లంతటివాళ్ళు వీధుల్లో తిరిగి జోలె పట్టారు. ఆ ముచ్చట చెప్పే తాతలు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి పేరు ఇంగ్లీషుదే కావచ్చు గానీ పని మనదే.

మొత్తానికి నడిచాం. కాళీ గుడి దగ్గర బయల్దేరి, సబ్‌మెరైన్ మ్యూజియం దాటి, వుడా పార్కు, లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం మీదుగా తెన్నేటి పార్కు దాకా వెళ్ళి మళ్ళీ అదే దారిన వెనక్కి వచ్చాం. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కైలాసగిరి. అట్టల మీద నినాదాలు, ఐన్‌స్టీన్ బొమ్మ, ఎడిసన్ బొమ్మ, డావిన్చీ బొమ్మ పట్టుకున్నాం. అందరికంటే ముందు వచ్చినవాడికి సంఘం వారు ఒక కప్పు ఇచ్చారు. అందరికంటే ఆఖర్న వచ్చింది రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు. లాసన్స్ బే దగ్గర చెప్పు తెగితే రెండో చెప్పు కూడా చేత్తో పట్టుకుని వట్టి కాళ్ళతో నడిచి వచ్చేసరికి షామియానా విప్పేస్తున్నారు. తీరా చూస్తే ఆవిడ కాగితం మీదే అందరికంటే ఎక్కువ పేర్లున్నాయి. వాళ్ళలో ఒక్కరు కూడా "ఎన్ని గంటల్లో నడిచావమ్మా?" అని అడగలేదు. "పన్నెండూ నడిచావా?" అని అడిగారు, డబ్బులిచ్చారు. ఈ సంగతి పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తగవు వచ్చింది తర్వాతి వారం జరిగిన సమీక్షా సమావేశంలో. ఒక మిత్రుడు లేచి, "డబ్బులు పంపించాం, బాగుంది. మన కాలేజీలో కూడా ఇలాంటివాళ్ళు ఉంటారు గదా! పరీక్షల్లో వాళ్ళకి అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి, అడక్కుండానే దొరికేలా సంఘం ప్రిన్సిపాల్ గారిని కోరాలి" అన్నాడు. అంతే. "అందరికీ మూడు గంటలు, ఒకడికి నాలుగు గంటలా? మిగతావాళ్ళ నోట్లో మట్టి కొట్టడం కాదా?" అని ఇంకో మిత్రుడు. చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవాళ్ళలో సగంమంది కాళ్ళకి బీచ్ రోడ్డు బొబ్బలు ఇంకా మానలేదు. తీర్మానం వాయిదా పడింది. ఇప్పటికీ వాయిదాలోనే ఉంది.

నేను ఆవేళ మాట్లాడలేదు. మాట్లాడవలసినవాణ్ణి. ఎందుకో చెప్తాను.

మా అన్నయ్యకి గాజువాకలో ఆటోలు బాగుచేసే షెడ్డు ఉంది. ఇంజను చప్పుడు విని ఎక్కడ లోపమో చెప్పేస్తాడు. చిన్నప్పుడు పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పేవాడట. అదే పద్యం పుస్తకంలో చూసి చదవమంటే మాత్రం చెమటలు పట్టేవి. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ మూడో మాట దగ్గరికి వచ్చేసరికి మొదటి మాట మర్చిపోయేవాడు. మొద్దన్నారు, మట్టిబుర్ర అన్నారు, పొగరన్నారు. గోడకుర్చీ వేయించారు, గుంజీలు తీయించారు, వేళ్ళ కణుపుల మీద కొట్టారు. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. "వాడికి చదువు అబ్బలేదు" అని మా నాన్న అందరికీ చెప్పేవాడు. చిత్రమేమిటంటే, ఆ స్థితికి మన భాషలో ఒక పేరు లేదు గానీ ఆ పిల్లవాణ్ణి తిట్టడానికి మాటలకి కొదవ లేదు.

స్పాన్సరు కాగితం పట్టుకుని ఆ షెడ్డుకి వెళ్ళాను.

"ఏటిరా అది?" అన్నాడు అన్నయ్య. చెప్పాను. తెలివి ఉండీ అక్షరం పట్టుబడని పిల్లల కోసం అన్నాను. పానా కింద పెట్టి కాసేపు ఊరుకున్నాడు.

"అలాటోళ్ళు సానామంది ఉంతారేటి?"

"ఉంటారన్నయ్యా. తరగతికి ఇద్దరు ముగ్గురన్నా ఉంటారంటున్నారు."

"దానికో పేరుందా?"

పేరు చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. "కిలోమీటరుకి ఇరవై రాసుకో" అన్నాడు. కాగితం ఇచ్చి పేరూ ఊరూ రాయమన్నాను. "నువ్వే రాయి, సేతులకి గ్రీజుంది" అన్నాడు. బ్యాంకులో ఫారం నింపవలసినా, రేషను డిపోలో కాగితం చదవవలసినా ఆ గ్రీజు మాట ఇరవై యేళ్ళుగా వింటున్నాను. ఏనాడూ దాని అర్థం ఆలోచించలేదు. పేరు నేనే రాశాను. చేతులు శుభ్రంగా కడుక్కుని గల్లాపెట్టె తీసి రెండువందల నలభై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. "నడిచాక ఇవ్వాలన్నయ్యా" అంటే "నడవ్వా ఏటి? ఉంచు" అన్నాడు. నేను బయల్దేరుతుంటే వెనకనుంచి అడిగాడు: "ఆ గుంటల్ని ఇప్పుడూ కొడతన్నారేటి?" 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టకూడదంటోంది అన్నాను. కొడుతున్నారా అని అడిగినవాడికి చట్టం ఏమంటోందో చెప్పాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఇంత తెలిసినవాణ్ణి, కిందటేడు మా తరగతిలో ఏం చేశానో కూడా చెప్పుకోవాలి. ఒక కుర్రాణ్ణి లేపి పాఠం బయటికి చదవమన్నారు. తడుముకున్నాడు. ఒక ఇంగ్లీషు మాటని తిరగేసి చదివాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి అతను రావడం మానేశాడు. అతనికి ఉన్నది డిస్లెక్సియానో కాదో నాకు తెలియదు, నేను వైద్యుణ్ణి కాను. నవ్వింది మాత్రం నేనే.

ఇక అసలు విషయం. ఇది కొత్తగా పుట్టిన జబ్బు కాదు, సినిమావాళ్ళు కనిపెట్టిందీ కాదు. డిస్లెక్సియా అన్న మాటని రూఢి చేసినవాడు జర్మనీలోని స్టుట్‌గార్ట్ కంటి వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్. ఆయన గ్రంథం 1887లో వచ్చింది. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు వైద్యుడు పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశాడు. ఆ అబ్బాయి తెలివైనవాడు, ఆటల్లోనూ లెక్కల్లోనూ ఎవరికీ తీసిపోడు, చదవడం మాత్రం రాదు. చదువంతా నోటిమాటగా చెబితే బడి మొత్తానికి వీడే మొదటివాడవుతాడని అతని మాస్టారే అన్నాడట. ఆ వాక్యం చదివినప్పుడు నాకు మా అన్నయ్య పద్యం గుర్తొచ్చింది.

మాట పుట్టుకతో వచ్చే విద్య. ఊళ్ళో పదిమంది మాట్లాడుతుంటే పిల్లవాడికి అదే వస్తుంది. చదువు అలా రాదు. కంటికి కనిపించే గీతని చెవికి వినిపించే ధ్వనితో ముడివేయడం మెదడు కష్టపడి నేర్చుకోవలసిన పని. ఆ ముడి కొందరికి సులువుగా పడుతుంది, కొందరికి పడదు. లోపం కంటిలో లేదు, తెలివిలో లేదు, పెంపకంలో అసలే లేదు. తరచు కుటుంబాల్లో వస్తుంది. బడిపిల్లల్లో నూటికి అయిదు నుంచి పదిమందికి ఉండవచ్చని సాధారణంగా చెప్పే అంచనా. భాషని బట్టీ కొలిచే పద్ధతిని బట్టీ ఆ లెక్క మారుతుంది.

ఇక్కడ మన తెలుగు సంగతి ఒకటుంది, లెక్చరర్లు గమనించదగ్గది. ఇంగ్లీషులో 'బట్' ఒక రకం, 'పుట్' ఒక రకం. అక్షరానికీ ధ్వనికీ పొత్తు కుదరదు గనక డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు తప్పుల మీద తప్పులు చేస్తాడు, త్వరగా దొరికిపోతాడు. తెలుగులో రాసినదే పలుకుతాం. అలా అక్షరమూ ధ్వనీ ఏకమయ్యే భాషల్లో తప్పులు తక్కువ కనబడతాయి. పోనిది నిదానం. వ, ప, ష, స లాంటి ఒకే పోలిక అక్షరాలూ, గుణింతాలూ, 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో పేర్చిన మూడు హల్లులూ దాటుకుంటూ ఆ పిల్లవాడు చివరికి సరిగ్గానే చదువుతాడు. కాకపోతే మిగతావాళ్ళు పేజీ తిప్పేసరికి వీడు మూడో వరసలో ఉంటాడు. అందుకే మన బడుల్లో వీణ్ణి గుర్తుపట్టరు. బద్ధకస్తుడంటారు. మన భాషలో ఈ పిల్లవాడికి లేనిది తెలివి కాదు, వ్యవధి.

గుర్తుపట్టే పరికరాలు కూడా మనకి ఆలస్యంగానే వస్తాయి. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వారు 'డాలి' అనే పరీక్షా సాధనాన్ని 2015లో విడుదల చేసినప్పుడు అది హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషులలో వచ్చింది. ఆ మొదటి జాబితాలో తెలుగు లేదు. పక్కనే మద్రాసులో డిస్లెక్సియా సంఘం 1990ల మొదట్లోనే పుట్టి టీచర్లకి శిక్షణ ఇస్తూ వచ్చింది. మనవాళ్ళలో చాలామందికి ఈ మాట మొదట చేరింది 2007 డిసెంబరులో 'తారే జమీన్ పర్' సినిమాతో. హాల్లో ఏడ్చాం, బయటికొచ్చి మర్చిపోయాం. 2024 అక్టోబరులో ఢిల్లీలో విజయ్ చౌక్ నుంచి ఇండియా గేట్ దాకా ఇందుకోసమే ఒక నడక జరిగింది. మంచిదే. అయితే నడకతో చైతన్యం వచ్చేసిందనుకుంటే మళ్ళీ సినిమా హాలు కథే అవుతుంది.

చట్టం మనకంటే ముందుంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో దీని ఊసే లేదు. 2016 చట్టం, 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది, తాను గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాల్లో దీన్నీ చేర్చింది. పిల్లల్లో దీన్ని వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన విధంగా బోధించాలంది. పరీక్షలో రాసిపెట్టే మనిషి, అదనపు సమయం, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు, ఇవన్నీ అందులో ఉన్నాయి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఆ సమయం గంటకి 20 నిమిషాలకి తగ్గకూడదన్నాయి. అంటే మూడు గంటల పరీక్షకి గంట. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే ఇబ్బంది ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, నలభై శాతం వైకల్యం ఉంటేనే రాసిపెట్టే మనిషిని ఇస్తామనడం కుదరదంది. కాబట్టి మన సమావేశంలో వాయిదా వేసింది దయాదాక్షిణ్యాల ప్రశ్న కాదు, దేశం ఒప్పుకున్న హక్కుని మన గేటు దగ్గర ఆపడం.

ఇప్పుడు ఆ చప్పట్ల దగ్గరికి వస్తాను. "మిగతావాళ్ళకి అన్యాయం" అన్న మిత్రుడు చెడ్డవాడు కాడు. పరీక్ష పరుగుపందెం అనుకున్నాడు, అంతే. పందెమైతే అందరికీ ఒకే గడియారం ఉండాలి, ఒప్పుకుంటాను. మరి ఆర్థిక శాస్త్రం పేపరు మనలో ఏం చూస్తోంది? డిమాండు సూత్రం తెలుసా లేదా అనా, దాన్ని ఎంత వేగంగా గీకుతామనా? తెలుసా అని అడిగేటప్పుడు దూరం కొలవాలి, వేగం కాదు. బీచ్ రోడ్డు మీద మనమే ఆ పని చేశాం. ఆఖర్న వచ్చిన అమ్మాయి నడక చెల్లదని ఎవరమూ అనలేదు. ఆవిడకి దాతలిచ్చింది కిలోమీటరుకి ఇంత, గంటకి ఇంత కాదు. పన్నెండు కిలోమీటర్లని ఎవరూ పదకొండుకి తగ్గించలేదు. అలాగే అదనపు సమయం అంటే ప్రశ్న తేలిక చెయ్యడం కాదు, మార్కులు పంచిపెట్టడం కాదు. దూరం అదే. నడిచి చేరనియ్యండి అంటున్నాం, అంతే.

దొంగ సర్టిఫికెట్లు తెస్తారన్నారు కొందరు. తేవచ్చు. దొంగ రేషను కార్డులున్నాయని బియ్యం డిపోలు మూసేశామా? దొంగని పట్టుకోవలసిన పని అధికారులది. ఆ సాకుతో ఆకలిగా ఉన్నవాణ్ణి వరసలోంచి వెళ్ళగొట్టకూడదు.

ఇంకొక మాట, మా ప్రచార కమిటీ మిత్రులు కోప్పడినా సరే. ఆ ఐన్‌స్టీన్, ఎడిసన్, డావిన్చీ బొమ్మలు వచ్చే యేడు వద్దు. చనిపోయినవాళ్ళకి పరీక్ష చేసి చెప్పినవారెవరూ లేరు. పైగా ఆ బొమ్మల్లో ఒక మెలిక ఉంది. వీళ్ళలో మేధావులు పుడతారు గనక గౌరవించండి అంటున్నాం. మరి మేధావి కానివాడి గతి? మా అన్నయ్య ఐన్‌స్టీన్ కాడు. ఆటో మెకానిక్కు. అంతమాత్రాన వేళ్ళ మీద కొట్టించుకోవలసినవాడా?

కాబట్టి నేను కోరేవి నాలుగే. ఒకటి, పోగైన డబ్బు బ్యానర్లకీ, టోపీలకీ, సభలకీ పోకుండా తెలుగు మీడియం టీచర్ల శిక్షణకి ఖర్చు పెట్టాలి. అక్షరాన్ని పెద్దగా పలుకుతూ వేలితో దిద్దించి, కన్నూ చెవీ చెయ్యీ కలిపి నేర్పే పద్ధతిని అమెరికాలో ఆర్టన్ అనే వైద్యుడూ గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయినీ 1930లలో దారిలో పెట్టారు. మన వీధిబడి పిల్లలు ఇసుకలో ఓనమాలు దిద్దినవాళ్ళే. టీచరుకి ఓపికా శిక్షణా ఉంటే మన నేల మీద అది మొలకెత్తకపోదు. రెండు, మన విద్యార్థుల్లోనే పాఠాలు చదివి వినిపించేవాళ్ళూ పరీక్ష రాసిపెట్టేవాళ్ళూ ముందుకు వచ్చి ఆఫీసులో పేర్లిచ్చి ఉంచాలి. మొదటి పేరు నాది రాసుకోండి. మూడు, లెక్చరర్లకి ఒక మనవి. లేపి బయటికి చదవమనే ముందు, ఇష్టమేనా అని ఒక్క మాట అడగండి. నాలుగు, వాయిదా పడిన ఆ తీర్మానాన్ని కొత్త కార్యవర్గం మొదటి సమావేశంలోనే పెట్టాలి.

అయిదోది కూడా ఉంది గానీ చిన్నది. వచ్చే యేటి నడకలో ముందొచ్చినవాడికి కప్పు ఇవ్వకండి. దానికయ్యే ఖర్చుతో, ఆఖరి మనిషి వచ్చేదాకా షామియానా ఉంచండి.

వచ్చే యేడు కూడా కాగితం పట్టుకుని గాజువాక వెళ్తాను. అన్నయ్య డబ్బులిస్తాడు, అందులో సందేహం లేదు. కానీ ఈసారి ఆయన అడగబోయేది నాకు తెలుసు: "కిందటేడు సొమ్ముతో ఏటి సేసినారు?" ఆ ప్రశ్నకి చట్టం సంగతి చెప్పి తప్పించుకోలేను. మన కాలేజీ ఏం చేసిందో చెప్పాలి. మిత్రులారా, ఏం చెప్పమంటారు?